జంపక్క ముఖం

గుండ్లమడుగు క్యాంపు,
9 ఏప్రిల్ 2004

ప్రియమైన అక్కకు జెస్సీ వందనాలు.

ఈ ఉత్తరం మా యూనిట్ వ్యాన్ డ్రైవర్ తెచ్చి ఇస్తాడు. మా మేకప్‌మన్ వెంకటరామారావు గారికి ఉతికిన బట్టలు కూడా అతని చేతే పంపుతున్నాను. ఆయనను చేర్చింది నువ్వు డ్యూటీ చేసే వార్డులోనే అని తెలిశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. నేను మేకప్ స్కూల్లో చేరి ఏడాది కూడా కాలేదు. శిక్షణ కోసం ఆయన వెంట వచ్చినదాన్ని. బ్రష్షులు కడగడం, స్పాంజీలు ఆరబెట్టడం తప్ప ఈ సినిమాలో నాకు వేరే పని లేదు. అట్లాంటిది ఆయనను చలిజ్వరంతో జీపులో పడుకోబెట్టి భద్రాచలం తీసుకుపోయాక ఆయన పని మొత్తం నా నెత్తిన పడింది. నిన్న ఏం జరిగిందో రాస్తాను. నాన్నకు మాత్రం అప్పుడే చెప్పకు. ఆదివారం ఆరాధన అయ్యేసరికి మధిరలో అందరికీ తెలిసిపోతుంది.

ఈ కథలో హీరోయిన్ ముఖాన్ని ఎలుగుబంటి చీరేస్తుంది. గాయం మానాక ఆ మచ్చలతోనే సగం సినిమా నడుస్తుంది. ఆ ముఖాన్ని తయారుచేసింది రావు గారు. నుదుటి మీద మొదలై, ఎడమ కనుబొమను తెంపుకుని, చెంప మీదుగా పెదవి మూల దాకా దిగే మూడు చాళ్లు. కింది రెప్పను ఎవరో కిందికి లాగి పట్టుకున్నట్టు ఉంటుంది, లోపలి ఎరుపు కనబడుతుంది. మొదటి రోజు లైట్లు మోసేవాళ్లు కూడా తల తిప్పుకున్నారు.

ఆ మచ్చలకు కావలసిన రబ్బరు ముక్కలను ఆయన హైదరాబాద్‌లోనే పోతపోసి డబ్బాలో తెచ్చుకున్నారు. ఆయన జ్వరం హడావుడిలో ఆ డబ్బాను ఎండలో వదిలేశారు. నిన్న మూత తీస్తే ముక్కలన్నీ మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయాయి. వాగు ఒడ్డున సీను సగం తీసి ఉంది. మిగతా సగంలో అదే ముఖం తేడా లేకుండా రావాలి. హీరోయిన్ మర్నాడు చెన్నై వెళ్లిపోతుంది. ఎండ కొండ వెనక్కి జారేలోపు షాట్ అయిపోవాలి. ఫొటోలన్నీ కడిగించడానికి హైదరాబాద్ పంపారు. నా చేతిలో ఉన్నది ఒక పక్క నుంచి తీసిన చిన్న ఫొటో ఒక్కటే.

చేతకాదని చెప్పడానికే డైరెక్టర్ దగ్గరికి పోయాను. నేను నోరు తెరిచేలోపే ఆయన ఎంతసేపు పడుతుందని అడిగారు. ఎట్లా అన్నానో తెలియదు, చేస్తాను సార్ అన్నాను.

రెండుసార్లు పెట్టి రెండుసార్లూ పీకేశాను. చెంప మీది చాళ్లు వస్తున్నాయి కానీ కన్ను రావడం లేదు. రెప్ప ఎటు లాగినా అతికించినట్టే ఉంది. హీరోయిన్ ఓపిక కూడా అయిపోయింది. అప్పుడు ప్రొడక్షన్ మేనేజర్ క్రాంతికుమార్ ఊళ్లోకి పోయి ఒకామెను వెంటబెట్టుకు వచ్చాడు. పేరు జంపక్క. ఈ ఊరి కోయ ఆమె, మాకు నీళ్లు మోసే గోపాలు భార్య. కొంగు ముఖం మీదికి లాక్కుని నిలబడింది. క్రాంతికుమార్ గోపాలును పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. గోపాలు వాళ్ల భాషలో ఆమెకు చెప్పాడు. ఆమె చాలాసేపు అట్లాగే ఉండి, చివరికి కొంగు తీసింది.

అక్కా, రావు గారి మచ్చ ఆమె ముఖం మీద ఉంది. అవే మూడు చాళ్లు, అదే తెగిన కనుబొమ, అదే రెప్ప.

ఇదేమిటని ఆలోచించే వ్యవధి లేదు. ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టాను. ఈ ముఖం చూస్తూ ఆ ముఖం మీద పెట్టుకుంటూ పోయాను. పల్చటి కాగితం ఒక పొర, రబ్బరు పాలు ఒక పూత, ఆరబెట్టడం, చాలు గీయడం, మళ్లీ పొర. కన్ను అర్థం కావాలంటే దగ్గరగా చూడాలి. జంపక్క గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పాను, రెప్ప అంచును వేలితో తాకి చూశాను. ఆమె కదల్లేదు.

వచ్చింది అక్కా. ఎండ ఉండగానే షాట్ అయిపోయింది. రావు గారు లేని సంగతి తెరమీద ఎవరికీ తెలియదని డైరెక్టర్ అన్నారు. యూనిట్ అంతా చప్పట్లు కొట్టారు. ఈ ఉత్తరం రావు గారికి చదివి వినిపించు. షాట్ అయిపోయినా జంపక్క ఇంటికి పోలేదు, అక్కడే నిలబడి ఉంది. ఆ సంగతి మళ్లీ రాస్తాను.

నీ జెస్సీ

*

భద్రాచలం,
11 ఏప్రిల్

జెస్సీకి,

నీ ఉత్తరం చదివి సంతోషం పట్టలేక నాతో డ్యూటీలో ఉన్న వాళ్లకు కూడా చూపించాను. నాన్నకు చెప్పలేదు, నువ్వే చెప్పు.

మీ రావు గారిది మామూలు జ్వరం కాదు. మలేరియా మెదడుకు ఎక్కింది. రెండు రోజులు మనుషులను గుర్తుపట్టలేదు. ఇప్పుడు గండం గడిచింది, గంజి తాగుతున్నారు. నీ ఉత్తరం వినిపించాను. డబ్బా సంగతి వచ్చేసరికి నవ్వారు. జంపక్క కొంగు తీసిన దగ్గర నన్ను ఆపమన్నారు. కాసేపటికి, "ఆమెను నేను సంతలో చూశానమ్మా. లొకేషన్లు వెతకడానికి వచ్చినప్పుడు. గాలికి కొంగు తొలగితే దూరం నుంచే బొమ్మ గీసుకున్నాను. ఆమెకు తెలియదు" అన్నారు. మిగతాది చదవనా అంటే వద్దని గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఇంకొక మాట. ఆ కన్ను గురించి నువ్వు అంత వివరంగా రాశావు కాబట్టి అడుగుతున్నాను. ఆమె కళ్లు మూసుకుంటే ఆ రెప్ప పూర్తిగా పడుతుందా? కంట్లోంచి నీళ్లు కారుతుంటాయా? నల్లగుడ్డు మీద తెల్లగా ఏమైనా ఉందా? చూసి వెంటనే రాయి. మళ్లీ రాస్తానన్న సంగతి ఏమిటో కూడా రాయి.

అక్క సంపూర్ణ

*

గుండ్లమడుగు క్యాంపు,
13 ఏప్రిల్

అక్కా,

ఆ రోజు షాట్ అయ్యాక హీరోయిన్ ముఖం మీది మచ్చలు తీశాను. కొబ్బరినూనెలో దూది ముంచి తుడుస్తుంటే పొరలు పొరలుగా ఊడి వచ్చాయి. కింద నున్నటి చెంప బయటపడింది. జంపక్క అదంతా దగ్గర నిలబడి చూసింది. హీరోయిన్ లేచిపోగానే ఆ కుర్చీలో వచ్చి కూర్చుంది. ఈసారి ఎవరూ అడక్కుండానే కొంగు తీసింది.

"ఇగ నాది గూడ తుడువు బిడ్డా" అంది.

నాకు అర్థం కాలేదు. గోపాలు వచ్చి చెప్పాడు. కాసేపు కూర్చుంటే సినిమావాళ్ల మందుతో ముఖం బాగుచేస్తారని క్రాంతికుమార్ మాటిచ్చాడట. అందుకే ఆమె కొంగు తీసింది. నేను పోయి క్రాంతికుమార్‌ను నిలదీశాను. "షాట్ కావాల్నా వద్దా నీకు? రేపటికి వాళ్లే మర్చిపోతరు తియ్యి" అని ఫోల్డరు చంకలో పెట్టుకుని పోయాడు.

వెనక్కి వచ్చేసరికి ఆమె అట్లాగే కూర్చుని ఉంది. దూది నూనెలో ముంచి ఆమె చెంప తుడిచాను. దుమ్ము పోయింది, అంతే. అద్దం అడిగి చూసుకుంది. కోపం వస్తుందనుకున్నాను. "రేపు మళ్ల రావాల్నా?" అని అడిగింది. అప్పటినుంచి రోజూ వస్తోంది. నేను రోజూ తుడుస్తున్నాను. ఇది మందు కాదని చెప్పలేకపోయాను.

నువ్వు అడిగినవి చూశాను. ఆ రెప్ప మూసుకోదు. నిద్రలో కూడా ఆ కన్ను తెరుచుకునే ఉంటుందట. ఎండలోకి వస్తే నీళ్లు ధారగా కారతాయి. నల్లగుడ్డు అంచున ఆవగింజంత తెలుపు ఉంది.

ఇక్కడ షూటింగ్ అయిపోయింది. రేపు యూనిట్ హైదరాబాద్ బయల్దేరుతుంది. అక్కడ సెట్‌లో మచ్చల ముఖంతో ఇంకా చాలా సీన్లు ఉన్నాయి. రావు గారు కోలుకునేదాకా అవి నేనే చేయాలి. జంపక్క కోసం ఆగిపోతే నా చోట్లోకి ఇంకొకరు వస్తారు. గోపాలుకు నీ పేరు చెప్పి, దవాఖానాలో ఎక్కడుంటావో గుర్తులు చెప్పాను. తీసుకొస్తానన్నాడు. నువ్వు చూసుకో అక్కా. మచ్చ పోదన్న మాట మెల్లగా చెప్పు. నాకంటే నీకు బాగా చెప్పడం వచ్చు.

జెస్సీ

*

భద్రాచలం,
16 మే

జెస్సీకి,

నీ కార్డులు మూడూ అందాయి. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. వార్డులో మంచానికి ఇద్దరు చొప్పున జ్వరాలే. మధ్యలో రెండు రోజులు మధిర పోయి వచ్చాను. నువ్వు ఫోన్ చేసి చెప్పాక నాన్న కాలు నేల మీద నిలవడం లేదు. రావు గారు డిశ్చార్జ్ అయ్యారు. బాగా నీరసంగా ఉన్నారు, అప్పుడే పనిలోకి దిగవద్దని చెప్పి పంపాం.

జంపక్క రాలేదు. బీడీల తునికాకు కోసే కాలం కదా, పని వదిలి ఎట్లా వస్తారు. నువ్వు ఆ సంగతి మనసులో పెట్టుకుని పని పాడుచేసుకోకు.

అక్క

*

హైదరాబాద్,
20 జూన్

అక్కా,

నిన్న రావు గారు సెట్‌కు వచ్చారు. ఇంకా చేతులు వణుకుతున్నాయి. కుర్చీలో కూర్చుని నేను ముఖం చేయడం చూశారు. ఆ మచ్చలను ఇప్పుడు చూడకుండా కూడా పెట్టగలను, నా చేతికి అంత అలవాటైపోయింది. అయిపోయాక బాగుందని కానీ బాగా లేదని కానీ అనలేదు. జంపక్క కన్ను ఎట్లా ఉందని అడిగారు. ఇంకా దవాఖానాకు రాలేదు సార్, మా అక్క రాసింది అన్నాను.

"వచ్చిందమ్మా. మీ అక్కయ్య నీకు రాయలేదా?" అన్నారు.

డిశ్చార్జ్‌కు ముందు ఆయన వరండాలో కూర్చుని ఉండగా జంపక్క, గోపాలు వచ్చారట. నీ ముందు నిలబడి ఆమె ముఖం చూపించిందట. నువ్వేదో అన్నావట, ఆమె కొంగు కప్పుకుని గేటు దాటి పోయిందట. ఆమె తన పక్కనుంచే పోతుంటే ఆయన ముఖం తిప్పుకున్నారట. లేచి పిలవాలనుకున్నారు కానీ కాళ్లలో సత్తువ లేదన్నారు. కాళ్లదే కాదులే అని కూడా తర్వాత ఆయనే అన్నారు.

రాలేదని ఎందుకు రాశావు? రెండు నెలలుగా తునికాకు అయ్యాక వస్తుంది, వానలు పడ్డాక వస్తుంది అని నేను ఎదురుచూస్తున్నాను. నీకు చూపిస్తున్నానన్న నమ్మకంతోనే కదా ఆమెను అక్కడ వదిలి వచ్చాను. ఏమన్నావు ఆమెను?

జెస్సికా

*

భద్రాచలం,
8 జూలై

జెస్సికాకు,

పేరు మొత్తం రాసి సంతకం పెట్టావు, అర్థమైంది.

అవును, వచ్చింది. ఆ రోజు వరండా నిండా జనం. ఒక పిల్లవాడికి సెలైన్ పెడుతున్నాను. ఆమె వచ్చి, సినిమా పిల్ల తుడిచే మందు మీ దగ్గర ఉందట, ఇయ్యమంది. అట్లాంటి మందు లేదు, అది రంగు, మచ్చ పోదు, కన్ను చూపించాలి, లైన్లో కూర్చో అన్నాను. తల తిప్పేసరికి లేదు. ఇందులో అబద్ధం ఏముంది? మాటిచ్చింది మీ మేనేజరు. నిజం చెప్పలేక రోజూ నూనె రాసింది నువ్వు. మెల్లగా చెప్పమని ఆ పని నాకు పంపించావు. నీకు రాస్తే అక్కడ పని వదిలి పరుగెత్తుకొస్తావని రాయలేదు.

ఇంతవరకు రాసి, ఈ ఉత్తరం పోస్ట్ చేయకుండా పెట్టుకున్నాను. ఆదివారం ఆరాధనకు కూడా పోకుండా దుమ్ముగూడెం వైపు బస్సెక్కాను. దిగిన చోటినుంచి గుండ్లమడుగుకు నడక. వాగులో మోకాటిలోతు నీళ్లున్నాయి.

జంపక్క ఇంటి ముందర ఉంది. నన్ను చూసి లోపలికి పోయింది. గోపాలు బయట మంచం వేశాడు. చాలాసేపటికి వచ్చి ఎడంగా కూర్చుంది. ఆ మందు సంగతి సినిమావాళ్ల మేనేజరు అబద్ధం చెప్పాడని, మా చెల్లెలికి చెప్పడానికి నోరు రాలేదని అన్నాను. ఆమె నవ్వింది.

"పోదని నాకు ఆ మొదటి దినమే తెల్సిందమ్మా. అద్దంల చూసుకున్న గద."

మరి రోజూ ఎందుకు పోయినవని అడిగాను.

"ఆ పిల్ల ముట్టుకునేది. గీ ముఖాన్ని ఇన్నేండ్లు ఎవ్వరు ముట్టలే. మా ఇంటాయన గూడ."

గోపాలు లేచి దొడ్డి వైపు పోయాడు.

దవాఖానా నుంచి ఎందుకు వెళ్లిపోయావని అడగాల్సి వచ్చింది, అడిగాను. గోపాలు నమ్మాడు కాబట్టి అతని కోసం వచ్చిందట. మచ్చ పోదని చెప్పినందుకు కాదట పోయింది. "నా దిక్కు చూడకుంటనే చెప్పినవ్" అంది.

జెస్సీ, నేను పిల్లవాడి చెయ్యి చూస్తున్నాను. నరం దొరకడం లేదు. అది నిజం. తల ఎత్తడానికి ఒక క్షణం పట్టేది, అది కూడా నిజం.

ఆదివారం మాత్రం చూశాను. వెలుగులోకి తిప్పి, రెప్ప తాకి, మొత్తం చూశాను. నువ్వు ఆవగింజంత అన్నావు. ఇప్పుడు కందిగింజంత ఉంది, మధ్యకు వచ్చేసింది. ముఖం ఇట్లాగే ఉంటుంది, కన్ను మూతపడేట్టు మాత్రం చేయవచ్చు, హైదరాబాద్ పోవాలి అని చెప్పాను. ఆలోచించుకుంటానంది. నేను బయల్దేరుతుంటే వాగు దాకా వెంట వచ్చింది. అక్కడ, నాట్లు అయినాక వస్తానని చెప్పింది.

సంపూర్ణ

*

హైదరాబాద్,
26 సెప్టెంబర్

ప్రియమైన అక్కకు,

నువ్వు రాసిచ్చిన చీటీ పనికొచ్చింది. జంపక్కను చేర్చుకున్నారు, ఆపరేషన్ అయింది. చెవి వెనక చర్మం తీసి కింది రెప్పకు వేశారు. కట్టు విప్పాక డాక్టరు గారు కళ్లు మూయమన్నారు. రెండూ మూసుకున్నాయి. ఆమె చాలాసేపు తెరవలేదు. ఏమైందోనని నేను భయపడి భుజం తట్టాను. "ఉండు బిడ్డా, జరసేపు" అంది.

చూపు మాత్రం పూర్తిగా రాదట. ఆ కంటితో మనిషి నీడ కనబడుతుంది, ముఖం తెలియదు. ఏప్రిల్‌లోనే వచ్చి ఉంటే చాలావరకు దక్కేదని డాక్టరు అన్నారు. నన్ను ఉద్దేశించి అనలేదు, కాగితం మీద రాసుకుంటూ అన్నారు. నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను. అక్కా, నీ మీద కోపంతో రాసిన ఆ ఉత్తరాన్ని చించెయ్యి. వదిలి వచ్చింది నేనే కదా.

రావు గారు గోపాలును తన ఇంట్లోనే ఉంచుకున్నారు. నిన్న ఆయన తన బొమ్మ పట్టుకుని దవాఖానాకు వచ్చారు. మంచం పక్కన నిలబడి, సంతలో నిన్ను చూసి ఇది గీశానమ్మా, నిన్ను అడగలేదు, తప్పే అని చెప్పారు. జంపక్క ఆ కాగితాన్ని మంచి కన్ను దగ్గర పెట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"గంత దూరంకెల్లి ఎందుకు చూసినవ్? దగ్గరికొస్తే కరుస్తనా?" అంది.

ఆయన స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నారు.

సినిమా సంగతి కూడా రాయాలి. ఎడిటింగ్ చూసిన పంపిణీదార్లు అంతసేపు అట్లాంటి ముఖాన్ని జనం చూడలేరన్నారట. మచ్చల సీన్లు చాలావరకు తీసేస్తున్నారు. వాగు ఒడ్డు సీను కూడా పోయింది. మిగిలిన రెండు మూడు షాట్లలో హీరోయిన్ కొంగు కప్పుకునే ఉంటుంది. చివరి రోజు షూటింగ్ ఆపరేషన్ రోజే పడింది. నేను పోలేదు, నా క్లాస్‌మేట్ పోయి చేసింది. క్రాంతికుమార్ ఫోన్లో అరిచాడు, ఇక నన్ను పిలవడట. రావు గారు విని, నా చేతులు ఇంకా వణుకుతున్నాయి, నా దగ్గరే ఉండి పని నేర్చుకో అన్నారు. ఉంటాను. కానీ బ్రష్ పట్టుకున్నప్పుడల్లా, చూడకుండా పెట్టగలనని నీకు గొప్పగా రాసిన మాట మనసులో మెదులుతోంది.

రేపు జంపక్కను, గోపాలును బస్సెక్కిస్తాను. బస్టాండుకు ఎదురు రా.

నీ జెస్సీ

*

భద్రాచలం,
14 నవంబర్

జెస్సీకి,

మొన్న జంపక్క రెప్ప చూపించుకోవడానికి వచ్చింది. బాగా అతికింది. నీళ్లు కారడం ఆగింది. నీ కోసం చింతపండు తెచ్చింది, నాన్న వచ్చినప్పుడు ఆయన చేతికిచ్చి పంపుతాను.

కొంగు కప్పుకునే వచ్చింది. ఈ ఆపరేషన్‌తో అన్నీ మారిపోయాయని నేను రాయను. బస్సులో ఒక పిల్ల తనను చూసి ఏడ్చిందని చెప్పింది. గోపాలుతో కూడా ఇంకా ముభావంగానే ఉంది. ఆ రోజు వాకిట్లో అన్న మాట వాళ్లిద్దరి మధ్య అట్లాగే ఉండిపోయినట్టుంది. తిరిగి పోయేటప్పుడు మాత్రం అతను ఆమె చేతి సంచి అందుకున్నాడు, ఆమె ఇచ్చింది. అంతవరకే చూశాను.

వార్డులో డాక్టరు కోసం కూర్చున్నప్పుడు పక్కనే తిరుమలాయపాలెం నుంచి వచ్చిన ఒక ముసలామె ఉంది. కూతురి కాన్పు కోసం వచ్చిందట. ఆమె జంపక్క కొంగు కిందికి తొంగిచూసి, "ఏందమ్మా, ముఖానికి ఏమైంది?" అని నేరుగా అడిగేసింది. నేను మందుల బల్ల దగ్గర ఉన్నాను. లేచి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. అప్పుడు తట్టింది జెస్సీ. రావు గారు ఆ ముఖం గీశారు, నువ్వు దాన్ని ఎన్నిసార్లు చేశావో నీకే తెలియదు, నేను వెలుగులోకి తిప్పి చూశాను. ఇది ఎట్లా జరిగిందని మనలో ఒక్కరం కూడా ఆమెను అడగలేదు.

జంపక్క కొంగు తీసి భుజం మీద వేసుకుని చెప్పడం మొదలుపెట్టింది. ముసలామెకే కాదు, కాసేపటికి వార్డంతా వింటోంది. ఇప్పపువ్వు రాలే కాలమట. తెల్లవారకముందే గంప తీసుకుని పోయింది. గుడ్డెలుగు కూడా పువ్వు కోసమే వచ్చింది. దాని చెట్టు కింద అది, తన చెట్టు కింద తాను ఏరుకుంటున్నారు. ఎందుకో అది ఇటు తిరిగింది. మీద పడితే గంపతో మూతి మీద కొట్టిందట, గంప విరిగినా కొట్టిందట. ఎలుగుబంటి ఎట్లా బుసకొట్టిందో చేసి చూపిస్తుంటే మంచాల మీది వాళ్లు కూడా నవ్వారు. చివరికి అదే విసిగి పోయింది.

"నెత్తురు కండ్లల్లకు కారబట్టె. కొంగు చింపి కట్టుకున్న. పువ్వంత చెదిరిపోయింది. గదంత మళ్ల ఏరుకొని ఒడిల పోసుకొని ఇంటికి వచ్చిన."

ముసలామె నోరు వెళ్లబెట్టి, ఆ నెత్తురుతోనే ఏరుకున్నావా అని అడిగింది.

"ఏరుకోనా మరి? చీకట్ల లేశిపోయి ఏరిన పువ్వు. గుడ్డెలుగుకు ఇడిసిపెట్టి వస్తనా?" అంది జంపక్క.

అక్క సంపూర్ణ